యూరప్ ప్రాంతాల లెక్కలు పోల్చడం ఎలా? నట్స్ కోడ్‌లతో పని చేసే పద్ధతి

పోలండ్‌లోని మజోవియా, జర్మనీలోని బవేరియా. రెండింటిలో ఏది ఎంత సంపన్నమో చెప్పమంటే యూరోపియన్ యూనియన్ గణాంక కార్యాలయమైన యూరోస్టాట్ వెబ్‌సైట్‌లో రెండు అంకెలు వెతికి తేవడం పెద్ద పనేమీ కాదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టవచ్చా అన్నది తేల్చడమే అసలు పని. బవేరియా సుమారు కోటీ ముప్పై లక్షల జనాభా ఉన్న రాష్ట్రం. మజోవియాలో అందులో సగం మంది కూడా లేరు. పైగా 2018 నుంచి గణాంకాల్లో మజోవియా ఒక ప్రాంతం కాదు, రెండు. వార్సా, దాని చుట్టుపక్కల ఒకటి, మిగతా భాగం మరొకటి.

ఇలాంటి చిక్కులు తీర్చడానికే యూరోపియన్ యూనియన్ తన దేశాలన్నిటినీ ఒకే పద్ధతిలో విభజించుకుంది. ఆ విభజన పేరు నట్స్. 1970ల తొలినాళ్లలో యూరోస్టాట్ దీన్ని మొదలుపెట్టింది. 2003లో 1059/2003 నంబరు నిబంధనతో దానికి చట్టబద్ధత వచ్చింది. యూరప్‌లో ఎంఎస్ చేస్తూ థీసిస్ రాస్తున్నవారికి, డేటా ఉద్యోగాల్లో ఉన్నవారికి, ఆర్థిక వార్తలు రాసేవారికి నట్స్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అప్పుడు ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో ఇక్కడ చెబుతాను. ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. అంకె చూసే ముందు హద్దు చూడాలి. ఆ హద్దును ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, దేనికోసం గీశారు అన్నది తెలియకుండా ప్రాంతాల పట్టిక తయారుచేయకూడదు.

1. ముందు కోడ్ చదవడం నేర్చుకోండి

నట్స్ కోడ్ మన పిన్‌కోడ్ లాంటిదే. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ ప్రాంతం చిన్నదవుతుంది. మొదటి రెండు అక్షరాలు దేశానివి. ఆ తర్వాత ఒక్కో గుర్తు చేరినప్పుడల్లా ఒక్కో మెట్టు కిందికి దిగుతాం. ఫైళ్లలో ఇవి రోమన్ అక్షరాల్లో ఉంటాయి, నేను పలికే తీరులో రాస్తున్నాను. డీఈ అంటే జర్మనీ. డీఈ2 బవేరియా, ఇది నట్స్ 1 స్థాయి. డీఈ21 ఎగువ బవేరియా, నట్స్ 2. డీఈ212 మ్యూనిక్ నగరం, నట్స్ 3. మ్యూనిక్ చుట్టూ ఉన్న గ్రామీణ జిల్లా వేరు, దాని కోడ్ డీఈ21హెచ్. తొమ్మిది అంకెలు అయిపోయాక అక్షరాలు వాడతారు కాబట్టి కోడ్‌లో అక్షరం కనిపిస్తే తప్పు పడిందేమోనని అనుకోకండి.

గ్రీస్‌కు ఇక్కడ ఈఎల్ అని రాస్తారు, మనకు అలవాటైన జీఆర్ కాదు. బ్రిటన్ యూనియన్‌లో ఉన్నంతకాలం దాని కోడ్ యూకే, జీబీ కాదు. వేరే ఫైల్ తెచ్చి దేశం కోడ్‌తో కలపబోతే ఎక్కువసార్లు రాలిపోయేవి ఈ రెండు దేశాలే. జెడ్‌లతో ముగిసే కోడ్‌లు కూడా కనిపిస్తాయి, ఉదాహరణకు డీఈజెడ్‌జెడ్. రాయబార కార్యాలయాలు, సముద్రంలోని చమురు వేదికల్లాంటి, ఏ ప్రాంతానికీ చెందవని తేల్చిన వాటి లెక్కలు వీటిలోకి వెళతాయి. దేశం మొత్తం సరిపోవాలంటే వీటిని ఉంచాలి. ప్రాంతాలను పోల్చేటప్పుడు మాత్రం తీసేయాలి.

2. హద్దులు ఏ కొలతతో గీశారో తెలుసుకోండి

నిబంధనలో జనాభా పరిమితులు ఉన్నాయి. నట్స్ 1కు 30 లక్షల నుంచి 70 లక్షలు. నట్స్ 2కు 8 లక్షల నుంచి 30 లక్షలు. నట్స్ 3కు 1.5 లక్షల నుంచి 8 లక్షలు. వీటిని చదవగానే ప్రతి ప్రాంతం ఆ పరిమితిలోనే ఉంటుందనిపిస్తుంది. అది నిజం కాదు. ఒక దేశంలోని ఒక స్థాయి పాలనా విభాగాల సగటు జనాభా ఆ పరిధిలో పడితే చాలు, వాటిని ఉన్నవున్నట్టుగా తీసుకుంటారు. అందుకే సుమారు కోటీ ఇరవై లక్షల మంది ఉన్న పారిస్ ప్రాంతం ఇల్-ద-ఫ్రాన్స్, లక్షా ఇరవై వేల పైచిలుకు మంది ఉన్న ఇటలీలోని వాలే దావోస్తా, రెండూ నట్స్ 2 ప్రాంతాలే. ముప్పై వేల మంది ఉండే ఫిన్లండ్ ఆలాండ్ దీవులకైతే ఏకంగా నట్స్ 1 హోదా ఉంది. లక్సెంబర్గ్ మూడు స్థాయిల్లోనూ ఒకే ప్రాంతం, ఎల్‌యూ000 వరకు అన్నీ సున్నాలే.

అంటే “నట్స్ 2 ప్రాంతాల్లో మొదటి పది” అనే పట్టిక మీరు తయారుచేస్తే అందులో ఒక మహానగరం, ఒక కొండలోయ, ఒక పూర్తి దేశం పక్కపక్కనే కూర్చుంటాయి. ఆ పట్టిక వేయవద్దని నేను అనను. జనాభా కాలమ్ కూడా పక్కనే పెట్టండి అంటాను. చదివేవారికి ఆ ఒక్క కాలమ్ చాలా మేలు చేస్తుంది.

ఇంకో సంగతి. జర్మనీలో నట్స్ 1 అంటే 16 రాష్ట్రాలు, వాటికి ప్రభుత్వాలు ఉన్నాయి. రుమేనియాలో నట్స్ 2 అంటే 8 అభివృద్ధి ప్రాంతాలు. అవి జిల్లాలను గుంపులుగా కట్టి ఏర్పరచినవి, వాటికి సొంత ప్రభుత్వాలు లేవు. స్పెయిన్‌లో నట్స్ 2 స్థాయిలో 17 స్వయంప్రతిపత్తి ప్రాంతాలు, సేయుటా, మెలిల్లా నగరాలు ఉంటాయి. నట్స్ 1 మాత్రం లెక్కల కోసమే చేసిన 7 కూటములు. కాబట్టి “ఈ ప్రాంత ప్రభుత్వ విధానం వల్ల నిరుద్యోగం తగ్గింది” అని రాయబోయే ముందు, ఆ ప్రాంతానికి అసలు ప్రభుత్వం ఉందో లేదో చూసుకోండి.

3. స్థాయిని మీ ప్రశ్నే నిర్ణయించాలి

డేటా ఏ స్థాయిలో సులువుగా దొరికితే ఆ స్థాయిలో పని మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. అలా చేయకండి. ముందు ప్రశ్నను ఒక వాక్యంగా రాసుకోండి. యూనియన్ ప్రాంతీయ నిధులు ఎవరికి వెళ్తున్నాయన్నది ప్రశ్న అయితే నట్స్ 2 తప్ప మరో దారి లేదు, నిధుల అర్హత తేల్చేది ఆ స్థాయిలోనే. నగరానికీ పల్లెకూ మధ్య తేడా కావాలంటే నట్స్ 3కు దిగాలి, ఎందుకంటే నట్స్ 2లో నగరం, పల్లె కలిసిపోతాయి. ఊరి స్థాయి కావాలంటే నట్స్ దాటి స్థానిక పాలనా యూనిట్లకు వెళ్లాలి. అక్కడ లక్షకు దగ్గరగా ఉండే విభాగాలు, చాలా తక్కువ సమాచారం ఉంటాయి.

కిందికి దిగేకొద్దీ వివరం పెరుగుతుంది, నమ్మకం తగ్గుతుంది. నిరుద్యోగం లాంటివి శాంపిల్ సర్వేల నుంచి వస్తాయి. చిన్న ప్రాంతంలో సర్వే చేసిన ఇళ్లు తక్కువ కాబట్టి అంకె అటూ ఇటూ ఊగుతుంది. యూరోస్టాట్ అలాంటి అంకె పక్కన యు అనే గుర్తు పెడుతుంది, నమ్మదగినది కాదని దాని అర్థం. పి అంటే తాత్కాలికం, ఇ అంటే అంచనా, బి అంటే లెక్కించే పద్ధతి మారి ఆ ఏడాది వరస తెగిందని. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఈ గుర్తులు వద్దని టిక్ తీసేసేవారు ఎక్కువ. దయచేసి ఉంచుకోండి. ముఖ్యంగా బి గుర్తు లేకుండా పదేళ్ల గ్రాఫ్ గీయడం అంటే కళ్లకు గంతలు కట్టుకుని గీయడమే.

4. ఏ ఏడాది విభజనో కనుక్కోండి

చాలా పనులు చెడిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

నట్స్ ఒకసారి గీసి వదిలేసిన పటం కాదు. ఒక వెర్షన్ కనీసం మూడేళ్లు మారకుండా ఉండాలని నిబంధన. ఆ తర్వాత దేశాలు మార్పులు అడగవచ్చు. ఇప్పటికి 2003, 2006, 2010, 2013, 2016, 2021, 2024 వెర్షన్లు వచ్చాయి. పేరులోని ఏడాదిని నమ్మి మోసపోకండి. నట్స్ 2016 అమల్లోకి వచ్చింది 2018 జనవరి 1న. నట్స్ 2013 అమలైంది 2015లో. నట్స్ 2021, నట్స్ 2024 మాత్రం పేరున్న ఏడాదే అమలయ్యాయి. నట్స్ 2024 ప్రకారం 27 దేశాల్లో కలిపి 92 నట్స్ 1, 244 నట్స్ 2, 1165 నట్స్ 3 ప్రాంతాలు ఉన్నాయి. మీ ఫైల్‌లోని వరసల సంఖ్య దీనికి దగ్గరగా లేకపోతే వెర్షన్ వేరు అనైనా అర్థం, లేదా యూనియన్ బయటి దేశాలు కూడా కలిశాయనైనా అర్థం. నార్వే, స్విట్జర్లండ్, టర్కీలకు కూడా ఇలాంటి కోడ్‌లే ఉంటాయి కానీ అవి నట్స్ చట్టం కిందికి రావు. బ్రిటన్ 2021 నుంచి నట్స్ వదిలి ఐటీఎల్ అనే సొంత విభజన వాడుతోంది. అక్కడ కోడ్‌లు టీఎల్‌తో మొదలవుతాయి.

దేశాలు హద్దులు మార్చమని ఎందుకు అడుగుతాయి? కొన్నిసార్లు దేశంలో పాలనా సంస్కరణ జరిగి ఉంటుంది. మరికొన్నిసార్లు కారణం డబ్బు. యూనియన్ సమైక్యతా నిధుల్లో పెద్ద వాటా, తలసరి జీడీపీ యూనియన్ సగటులో 75 శాతం కన్నా తక్కువ ఉన్న నట్స్ 2 ప్రాంతాలకు వెళుతుంది. ధనిక రాజధాని, దాని చుట్టూ ఉన్న పేద గ్రామీణ ప్రాంతం ఒకే గీత లోపల ఉంటే సగటు 75 దాటిపోతుంది. అప్పుడు ఆ పేద ప్రాంతానికి నిధులు తగ్గుతాయి. హంగరీ బుడాపెస్ట్‌నూ దాని చుట్టూ ఉన్న పెస్ట్ జిల్లానూ విడదీసింది. పోలండ్ వార్సాను మిగతా మజోవియా నుంచి విడదీసింది. అప్పటిదాకా దేశమంతా ఒకే నట్స్ 2గా ఉన్న లిథువేనియా రాజధాని ప్రాంతం, మిగతా దేశం అని రెండైంది. ఈ మూడూ నట్స్ 2016తోనే జరిగాయి. నట్స్ 2024లో పోర్చుగల్ లిస్బన్ నుంచి సెతూబల్ ద్వీపకల్పాన్ని వేరు చేసింది.

దీన్ని మోసమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పెస్ట్ జిల్లాలోని పేదరికం కొత్త గీతతో పుట్టలేదు, పాత సగటు కింద కనపడకుండా ఉండిపోయింది అంతే. కానీ పోల్చేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. 2017 తర్వాత ఈ దేశాల్లో ప్రాంతాల మధ్య అసమానత ఒక్కసారిగా పెరిగినట్టు మీ గ్రాఫ్ చూపిస్తే, పెరిగింది అసమానత కాకపోవచ్చు. మారింది గీత కావచ్చు.

5. పాతదాన్నీ కొత్తదాన్నీ కలపడం

వెర్షన్ల మధ్య వచ్చే మార్పులు మూడు రకాలు. మీ దేశం ఏ రకంలో పడుతుందో చూడటానికి యూరోస్టాట్ ఇచ్చే మార్పుల పట్టిక తెరవండి. ప్రతి వెర్షన్‌కూ ఒక ఎక్సెల్ ఫైల్ ఉంటుంది.

మొదటి రకంలో కోడ్ మాత్రమే మారుతుంది, నేల మారదు. దీనికి ఫ్రాన్స్ మంచి ఉదాహరణ. 2016లో ఐరోపా భూభాగంలోని 22 ప్రాంతాలను ఫ్రాన్స్ 13కు కుదించింది. గణాంకాల్లో మాత్రం కొత్త పెద్ద ప్రాంతాలను నట్స్ 1గా పెట్టి, పాతవాటిని నట్స్ 2గా అలాగే ఉంచారు. అల్సాస్ పాత కోడ్ ఎఫ్‌ఆర్42, కొత్త కోడ్ ఎఫ్‌ఆర్ఎఫ్1. హద్దు అదే. ఒక నిఘంటువు పట్టిక చేసుకుని పాత కోడ్ స్థానంలో కొత్తది పెడితే సరిపోతుంది. రద్దయిన ప్రాంతాల నలభై ఏళ్ల చరిత్రను లెక్కల్లో ఇలా కాపాడుకోవడం నాకు ఎంతో నచ్చిన పని.

రెండో రకం, ఒకటి రెండుగా చీలడం. ఇక్కడ ఒక సులువైన మార్గం ఉంది, ఒక మెట్టు పైకి ఎక్కండి. హంగరీలో పాత హెచ్‌యూ10ను హెచ్‌యూ11 బుడాపెస్ట్‌గా, హెచ్‌యూ12 పెస్ట్‌గా విడగొట్టారు. కానీ నట్స్ 1 స్థాయిలో హెచ్‌యూ1 హద్దు మారలేదు, అది పాత హెచ్‌యూ10తో సమానం. పోలండ్‌లో కొత్త నట్స్ 1 ప్రాంతం పీఎల్9 పాత పీఎల్12తో సమానం, దాని కిందే పీఎల్91, పీఎల్92 ఉన్నాయి. పొడవైన గ్రాఫ్ కావాలంటే ఈ పై స్థాయి కోడ్ వాడండి. చీలిక తర్వాతి ఏళ్ల వివరం కావాలంటే దాన్ని వేరే గ్రాఫ్‌గా వేయండి. జీడీపీ లాంటి ప్రధాన లెక్కలకు యూరోస్టాట్ పాత ఏళ్లను కూడా కొత్త హద్దుల్లో తిరిగి లెక్కించి ఇస్తుంది. సర్వేల లెక్కలకు చాలాసార్లు అలా ఉండదు.

మూడో రకమే కష్టం. ముక్కలు అటూ ఇటూ మారిపోతాయి. ఐర్లండ్‌లో మొదట రెండు నట్స్ 2 ప్రాంతాలు ఉండేవి, నట్స్ 2016లో మూడయ్యాయి. కొత్త మూడూ పాత రెంటిలో సరిగ్గా ఇమడవు. నట్స్ 3కు దిగి కలుపుదామంటే అక్కడ కూడా లౌత్ కౌంటీ సరిహద్దు ప్రాంతం నుంచి మధ్య తూర్పు ప్రాంతంలోకి, దక్షిణ టిపరెరీ ఆగ్నేయం నుంచి మధ్య పశ్చిమంలోకి మారాయి. కౌంటీ స్థాయి లెక్క దొరికితే కింది నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. దొరకకపోతే గీత తెగిన చోట గ్రాఫ్ కూడా తెగాల్సిందే. జనాభా నిష్పత్తి ప్రకారం పంచేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. జనాభా మొత్తానికి అది కొంతవరకు పనిచేస్తుంది. ఆదాయానికి, నిరుద్యోగానికి పనిచేయదు, ఎందుకంటే ప్రాంతమంతా ఒకేలా ఉందని ముందే అనుకుని ఆ తర్వాత దాన్నే తేల్చినట్టు అవుతుంది.

6. సగటులకు సగటు తీయకండి

రెండు ప్రాంతాలను కలిపేటప్పుడు ఎక్కువమంది చేసేది రెండు తలసరి అంకెలను కూడి రెండుతో భాగించడం. ఊహకు ఒక లెక్క చూడండి. నగరంలో 17 లక్షల మంది, తలసరి 40,000 యూరోలు. పక్క ప్రాంతంలో 13 లక్షల మంది, తలసరి 15,000 యూరోలు. కూడి సగం చేస్తే 27,500 వస్తుంది. సరైన పద్ధతిలో ముందు మొత్తాలు తీయాలి. నగరం 6,800 కోట్లు, పక్క ప్రాంతం 1,950 కోట్లు, మొత్తం 8,750 కోట్ల యూరోలు. దాన్ని 30 లక్షల మందితో భాగిస్తే సుమారు 29,167.

ఏ అంకెకు ఏ బరువు వాడాలన్నది కూడా ముఖ్యమే. తలసరి జీడీపీకి జనాభా. నిరుద్యోగ రేటుకు శ్రామిక బలం, అంటే పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి. మొత్తం జనాభా కాదు. జనసాంద్రతకు విస్తీర్ణం. మధ్యస్థ ఆదాయాన్ని, అంటే వరుసలో సరిగ్గా మధ్యన ఉన్న మనిషి ఆదాయాన్ని, ఏ బరువుతోనూ కలపలేం. దానికి అసలు ఇళ్ల స్థాయి డేటా కావాలి.

7. ఆ డబ్బు ఎక్కడిది, ఆ మనుషులు ఎక్కడివారు?

హద్దు సరిచూసుకున్నాక కూడా తలసరి జీడీపీ ఒక ఉచ్చు పెడుతుంది. జీడీపీని పని జరిగిన చోట లెక్కిస్తారు, మనుషులను నివాసం ఉన్న చోట లెక్కిస్తారు. లక్సెంబర్గ్‌లో పనిచేసేవారిలో దాదాపు సగం మంది ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నుంచి రోజూ వచ్చిపోతారు. వారి శ్రమ లక్సెంబర్గ్ జీడీపీలోకి వెళుతుంది, వారి తలలు మాత్రం పక్క దేశాల జనాభాలో ఉంటాయి. బ్రసెల్స్‌దీ ఇదే కథ, అక్కడి ఉద్యోగాల్లో దాదాపు సగం ఫ్లాండర్స్, వాలోనియాల నుంచి వచ్చేవారివి. బ్రిటన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో లండన్ నడిబొడ్డు పశ్చిమ భాగాన్ని ప్రత్యేక నట్స్ 2గా గీశారు. అక్కడ తలసరి జీడీపీ యూనియన్ సగటుకు ఆరు రెట్లు పలికేది. ఆఫీసులన్నీ గీత లోపల, ఇళ్లు గీత బయట ఉన్నప్పుడు అలాగే వస్తుంది. అక్కడివారు ఆరు రెట్లు సంపన్నులని రాస్తే అది తప్పు.

ఐర్లండ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, అక్కడ చదువుకుంటున్న తెలుగువారు ఎందరో ఉన్నారు కాబట్టి. 2015లో ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో పాతిక శాతానికి పైగా పెరిగినట్టు లెక్కల్లో వచ్చింది. బహుళజాతి కంపెనీలు తమ మేధో ఆస్తులను అక్కడి ఖాతాల్లోకి మార్చుకోవడం దీనికి ప్రధాన కారణం. ఆ తర్వాత ఐర్లండ్ గణాంక కార్యాలయం ఇలాంటి ప్రభావాలను తీసేసిన సవరించిన స్థూల జాతీయాదాయాన్ని విడిగా ప్రకటించడం మొదలుపెట్టింది. కార్క్ నగరం ఉన్న దక్షిణ ప్రాంతం తలసరి జీడీపీ ఆకాశంలో కనిపిస్తే, అక్కడ అద్దె కట్టే మనిషి జేబులో అంత ఉందనుకోకండి.

మీ ప్రశ్న ప్రజల బతుకు గురించి అయితే కుటుంబాల వ్యయార్హ ఆదాయం, అంటే పన్నులు పోగా ఖర్చుకు మిగిలే ఆదాయం, అనే పట్టిక తీసుకోండి. నట్స్ 2 స్థాయిలో దొరుకుతుంది. ధరల తేడాను సర్దిన అంకెను ఎంచుకోండి, లేకపోతే గ్రీస్ యూరోనూ ఫిన్లండ్ యూరోనూ ఒకటేనని పోల్చినట్టు అవుతుంది. ఉత్పత్తి ఎక్కడ జరుగుతోంది అన్నదే ప్రశ్న అయితే జీడీపీ సరైనదే.

8. ఫైల్, మ్యాప్

సరిహద్దుల ఫైళ్లు యూరోస్టాట్‌లోని జిస్కో విభాగం ఉచితంగా ఇస్తుంది. డేటా ఏ వెర్షన్‌దో మ్యాప్ కూడా అదే వెర్షన్‌ది తీసుకోవాలి. రెండూ కలపగానే మ్యాప్‌లో తెల్లగా మిగిలిన ప్రాంతాలను చూడండి. మిగిలినవన్నీ ఒకే దేశానివైతే వెర్షన్ తేడా. అక్కడక్కడా ఉంటే డేటా లేకపోవడం. సున్నాను, డేటా లేకపోవడాన్ని ఒకే రంగుతో చూపించకండి.

ఎక్సెల్‌లో ఒక విచిత్రం ఉంది. జర్మనీలోని జార్లాండ్ కోడ్‌లు డీ, ఈ, సీ అక్షరాలతో మొదలవుతాయి, ఇంగ్లిష్‌లో డిసెంబర్ కుదింపు కూడా అదే. డీఈసీ01 అనే కోడ్‌ను మామూలుగా తెరిస్తే ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 1గా మార్చేస్తుంది. జార్లాండ్ జిల్లాలు మీ మ్యాప్‌లో మాయమైతే కారణం ఇదే కావచ్చు. ఫైల్‌ను నేరుగా తెరవకుండా, డేటా దిగుమతి మెనూ ద్వారా తెచ్చి, కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గా గుర్తించండి.

ఫ్రాన్స్ విదేశీ ప్రాంతాలైన గ్వాడెలూప్, మార్టినిక్, గయానా, రీయూనియన్, మయోట్ కూడా నట్స్‌లో భాగమే. వాటిని చిన్న పెట్టెల్లో విడిగా చూపించకపోతే యూరప్ మ్యాప్ మూలకు నెట్టుకుపోతుంది.

9. మన జిల్లాలకు ఇదే పద్ధతి

మన దేశంలో జిల్లాల హద్దులను మూడేళ్లు మార్చకూడదనే గణాంక చట్టం లేదు. జనగణనకు ముందు కొంతకాలం హద్దులు మార్చకుండా ఆపడం ఒక్కటే ఉంది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 23 జిల్లాలు. 2014లో అవి తెలంగాణకు 10, ఆంధ్రప్రదేశ్‌కు 13 అయ్యాయి. 2016 అక్టోబర్ 11న తెలంగాణ 31 జిల్లాలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలైంది. ఆ తర్వాతి మార్పులకు ప్రభుత్వ నోటిఫికేషన్లు చూసుకుని మీ పట్టికలో తేదీ వేయండి.

పైన చెప్పిన మూడు రకాలూ ఇక్కడా ఉన్నాయి. 2008లో నెల్లూరు జిల్లా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయినప్పుడు మారింది పేరు మాత్రమే. పాత ఆదిలాబాద్ ఆదిలాబాద్, మంచిర్యాల, నిర్మల్, కొమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగుగా చీలింది, నాలుగూ కలిపి పాతదానితో పోల్చవచ్చు. సిద్దిపేట మూడో రకం. పాత మెదక్, కరీంనగర్, వరంగల్ మూడింటి నుంచీ మండలాలు తెచ్చి కట్టిన జిల్లా అది. ఖమ్మం మరీ జాగ్రత్తగా చూడాల్సిన జిల్లా. పోలవరం ముంపు కారణంగా 2014లో భద్రాచలం చుట్టుపక్కల ఏడు మండలాల నేల, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. అందుకే 2011 తెలంగాణ జనాభా ఒకచోట 3.52 కోట్లు, మరోచోట 3.50 కోట్లు అని కనిపిస్తుంది. రెండూ సరైనవే, హద్దులు వేరు.

కోడ్‌లు కూడా ఒక్కటి కావు. కేంద్రం నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ఆంధ్రప్రదేశ్ కోడ్ 28, జీఎస్టీలో 37. తెలంగాణకు రెంటిలోనూ 36. రెండు శాఖల ఫైళ్లు కలిపే ముందు రాష్ట్రం కోడ్‌తో కాకుండా మీరు తయారుచేసుకున్న జత పట్టికతో కలపండి.

జనగణన లెక్కలైతే గ్రామం, మండలం స్థాయిలో దొరుకుతాయి కాబట్టి 2011 జనాభాను ఇప్పటి జిల్లాల ప్రకారం కింది నుంచి మళ్లీ కట్టవచ్చు. దీనికి ఓపిక కావాలి, కానీ కచ్చితంగా వస్తుంది. సర్వేల దగ్గర ఆ వీలు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత, అంటే 2015-16ది, తెలంగాణ పాత 10 జిల్లాలకు అంకెలిచ్చింది. ఐదో విడత, 2019-21ది, 31 జిల్లాలకు ఇచ్చింది. రెండింటిలోనూ మెదక్ అనే వరస ఉంది. నాలుగో విడత మెదక్‌లో సంగారెడ్డి, సిద్దిపేట పట్టణాలు కూడా ఉన్నాయి, ఐదో విడత మెదక్‌లో లేవు. “మెదక్‌లో రక్తహీనత ఇంత మారింది” అని రెండు వరసల తేడా రాస్తే అది రెండు వేర్వేరు చోట్ల ఉన్న తల్లుల మధ్య తేడా. ఆదిలాబాద్‌కు నాలుగు కొత్త జిల్లాలను జనాభా బరువుతో కలిపి ఒక అంచనా ఇవ్వవచ్చు, అంచనా అని రాసి మరీ ఇవ్వండి. సిద్దిపేటకు ఆ ప్రయత్నం చేయకండి. అక్కడ 2019-21 అంకెను ఒక్కదాన్నే ఇచ్చి, మార్పు చూపించాలంటే రాష్ట్రం మొత్తం అంకె వాడండి. పట్టిక కింద రెండు విడతల్లో జిల్లాల సంఖ్య, ఏ తేదీ నాటి హద్దులో ఒక వరసలో రాయండి.